నేనెత్తిన ఆరు మిల్లీమీటర్లు

అశోక్‌నగర్‌లో భూమిని పైకెత్తిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. నమ్మకపోతే ఆకాశంలో తిరిగే ఉపగ్రహాన్ని అడగండి.

2012లో మా పైగదిలో సంయుక్త అని పరిశోధన చేసే అమ్మాయి కిరాయికి ఉండేది. ఎక్కడో ఎడారిలో బొగ్గుపులుసు వాయువును కిలోమీటర్ల లోతున రాతిపొరల్లోకి పంపి దాస్తున్నారట. లోపల ఒత్తిడి పెరిగితే పైన నేల కాస్త ఉబ్బుతుందట. ఆ ఉబ్బును ఉపగ్రహపు రాడారుతో కొలిచి, వాయువు ఎటు పాకుతోందో కనిపెట్టడం ఆమె చదువు. "ముందు నీ లెక్క మిల్లీమీటర్లు పట్టగలదని చూపించు, తర్వాతే ఎడారి పని" అన్నారట వాళ్ల సారు.

అందుకని నారాయణగూడలో రేకుపని చేసే మాసయ్యతో మూడు రేకులు మూలగా కలిపించి, మా డాబా మీద బిగించింది. పదకొండు రోజులకోసారి వచ్చే ఉపగ్రహానికి అది చుక్కలా మెరుస్తుందట.

రెండోసారి చుక్క మాయం. సంయుక్త కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి.

"నా లెక్కనే తప్పయింది అంకుల్. ఇగ ఆ పని నాకియ్యరు."

నాకు చాయ్ పొలమారింది. "నీ లెక్క మంచిగనే ఉంది బిడ్డా. ఈశాన్యంల బరువేందని మీ ఆంటీ పరేషాన్ చేస్తే, నేనే నైరుతికి జరిపిన. నీళ్ల ట్యాంకు చాటుకు."

"జర చెప్పొద్దా అంకుల్!"

"చెప్పినా ఈయన మాట ఎవరు నమ్ముతరు?" అంది వంటింట్లోంచి మా ఆవిడ ప్రభావతి.

రేకుకు పసుపు రాశాకే ప్రభావతి దాన్ని మళ్లీ ఈశాన్యంలో పెట్టనిచ్చింది. ఉపగ్రహం ఒకసారి చూసి వెళ్లాక సంయుక్త నా దగ్గరికొచ్చింది.

"అంకుల్, మీకు తోచినంత దీన్ని పైకెత్తుండ్రి. ఎంతో నాకు చెప్పొద్దు, కాయితం మీద రాసి దాచుండ్రి. కోతలు మాత్రం రాయొద్దు."

"గదే కష్టం బిడ్డా."

మాసయ్య దగ్గర రేకుముక్కలు తెచ్చి, మూడుసార్లు కొలిచి, దాని కాళ్ల కింద దూర్చాను. కాయితం కళ్లజోడు డబ్బాలో దాచాను. చెప్పలేక పదకొండు రోజులు కడుపుబ్బింది.

లెక్క తేలిన పొద్దున సంయుక్త మెట్లు దూకుతూ వచ్చింది. "ఆరు మిల్లీమీటర్లు!"

డబ్బా తెరిచాను. ఆరు.

"డెబ్బై ఏండ్లకు ఒక్క నిజం చెప్పిండు మీ అంకుల్!" అంది ప్రభావతి.

ఆ వారమే ఎడారి పని సంయుక్త చేతికొచ్చింది.

భూమిని ఎత్తలేదు లెండి, మూడు రేకుల్ని ఎత్తాను. మిగతాదంతా నిజమే, ఒక్క ముక్క తప్ప. సంయుక్త లెక్కలో తేలింది అయిదున్నర. వాళ్ల సారుకు అది చాలింది. నాకే చాలక, మీకు చెప్పేటప్పుడు ఆ అర కలిపాను.