రెండో కాన్పు

కుళాయి దగ్గర సత్యశ్రీ బిందె ఎత్తుకుంటుంటే అత్తగారు సూర్యావతి గుమ్మంలోంచే హెచ్చరించింది. "అంగన్‌వాడీ మీటింగులో ఎవులడిగినా ఇదే తొలిచూలని సెప్పు. పాత ఊసులెత్తి మా పరువు తియ్యకు."

పాత ఊసంటే, పోయినేడు ఏడో నెలలోనే పుట్టి, ఆస్పత్రి గాజుపెట్టెలో రెండు రోజులు ఊపిరికోసం పెనుగులాడి పోయిన ఆడపిల్ల. పేరైనా పెట్టలేదు. అప్పుడు కూడా సత్యశ్రీ ఇలాగే నీళ్లు మోసింది. ఒంట్లో సన్నగా జ్వరం, మూత్రానికి వెళ్తే మంట. చెప్పుకుంటే "కడుపుతో ఉన్నోల్లందరికీ ఉంటాదది. నీల్లు తాగి పడుకో" అంది అత్తగారు. పడుకోమన్నారే గాని, ఇంటినిండా చుట్టాలు, పొయ్యి మీద గుండిగలు. ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే భర్త బలరాం "సెలవు దొరకనీ, డాక్టరు కాడికి ఎల్దాం" అన్నాడు. సెలవు కంటే ముందు నొప్పులొచ్చాయి. పిల్ల పోయాక అతడు భోరుమన్నాడు. తెలుగు వలస కార్మికులుండే క్యాంప్ 2 బస్తీలో వాళ్ల వీధి వీధంతా వచ్చి అతణ్ని ఓదార్చింది. ఆమెకు దక్కింది ఒక్క మాట: "బిడ్డని నిలుపుకోనేకపోనాది." తాగేవాళ్లు లేని పాలు రవికెను తడిపేస్తుంటే తలుపు చాటున పిండి పారబోసుకుంది.

అంగన్‌వాడీలో గర్భిణులందరూ చాపల మీద కూర్చున్నారు. సత్యశ్రీ పక్కనే సూర్యావతి కూర్చుంది. ఆ వీధికి ఈమధ్యే వచ్చిన ఆరోగ్య కార్యకర్త ఛాయా దీదీ హిందీలో నెమ్మదిగా చెబుతోంది. నెలలు నిండకుండా ముందొకసారి కాన్పయినవాళ్లు దాచకూడదు, వాళ్లను మొదటినుంచీ పెద్ద డాక్టరు చూడాలి. మూత్రంలో మంట ఉన్నా చెప్పాలి. మందులతో తగ్గుతుంది, వదిలేస్తే నొప్పులు ముందే రావచ్చు.

మందులతో తగ్గుతుంది! సత్యశ్రీకి ఆ తర్వాతి మాటలు వినబడలేదు. ఇంత చిన్న సంగతా? ఏడాదిపాటు స్నానం చేసేటప్పుడు కూడా తన పొట్ట వంక చూసుకోలేదు తను. బిడ్డను పట్టి ఉంచలేని కడుపని అసహ్యించుకుంది. ఆ మంట గురించి ఎంతమందికి చెప్పింది! అత్తగారికి, మొగుడికి, ఆడపడుచుకి. విన్నవాళ్లలో ఒక్కరైనా లేచి చెప్పులు తొడుక్కుని ఉంటే?

ఛాయా దీదీ ఆమె ముందుకొచ్చి, ఇది మొదటి కాన్పే కదా అని అడిగింది. "తుమ్హారా పహ్లా హై నా, బహూ?"

"హా దీదీ, పహ్లా హీ హై" అంది సూర్యావతి, పక్కనుంచి కోడలి తొడ గిల్లుతూ.

"నహీ దీదీ. దూసరా" అంది సత్యశ్రీ, ఇది రెండోదని. ఆ తర్వాత జ్వరం, మంట, గాజుపెట్టె, అన్నీ చెప్పేసింది. ఛాయా దీదీ ఆమె చెయ్యి పట్టుకుని, ఇప్పుడే ఆస్పత్రికి వెళ్దామంది.

బయటికొచ్చాక సూర్యావతి పళ్లు కొరికింది. "ఇంటికి రా. నీ మొగుడికి సెప్తాను."

"నానే సెప్తానత్తా."

"ఏటి సెప్తావు?"

"పిల్ల పోనాది నా కడుపు వల్ల కాదని."

ఛాయా దీదీ పక్కన ఆటోలో కూర్చున్నాక సత్యశ్రీకి ఏడుపు ఆగలేదు. కూతురి కోసం ఆమె ఇంకొకరి ముందు గొంతెత్తి ఏడవడం అదే మొదటిసారి.