ముప్పయ్యో రాయి దగ్గర కుర్చీ

పరుగుపందేల వాళ్ళందరూ ఆమెను ‘ముప్పై’ అనే పిలిచేవారు. అసలు పేరు ఒకటి లేకపోలేదు గానీ, అది ఇంట్లోవాళ్ళకీ బ్యాంకువాళ్ళకీ తప్ప ఎవరికీ అవసరపడలేదు. నలభై రెండు కిలోమీటర్ల పందెంలో ఆమె పని ముప్పయ్యో కిలోమీటరు దాకానే. అలాంటి మనిషిని పేసర్ అంటారు. గెలవాల్సినవాళ్ళ ముందు పరిగెత్తి, ఎదురుగాలి తను కాచుకుని, వేగం పెరక్కుండా తరక్కుండా వాళ్ళను పట్టుకొచ్చి, ముప్పయ్యో రాయి కనపడగానే మర్యాదగా పక్కకు తప్పుకోవాలి. ఆపైన పతకాలు, ఫోటోలు, చప్పట్లు అన్నీ వెనకొచ్చినవాళ్ళవి.

“పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలంటారు. మా కోడలు పరిగెత్తుతుంది, పాలు మాత్రం ఇంకెవరో తాగుతారు” అనేది అత్త, కోడలి మోకాళ్ళకు నూనె రాస్తూనే. ఆవిడ నోరు ఎంత చురుకో చెయ్యి అంత మెత్తన.

ఆ మోకాళ్ళే ఇప్పుడు అసలు సమస్య. పొద్దున్నే మంచం దిగేటప్పుడు అవి చేసే చప్పుడు పక్కగదిలో భర్తకు వినిపిస్తోంది. పందేలు నడిపేవాళ్ళు తనకన్నా చిన్నవాళ్ళని పిలుస్తున్నారు. ఇంకొక్క ఏడాది, మహా అయితే రెండేళ్ళు. ఆ తర్వాత ముప్పైని ఎవరు తలుచుకుంటారు? పదో తరగతి దాటని చదువుతో, పరుగు తప్ప ఇంకో విద్య రాని కాళ్ళతో ఏం చేసుకు బతకాలో ఆమెకు తోచలేదు. అలసట కాళ్ళలోంచి ఎప్పుడో పైకెక్కి గుండెలో కూర్చుంది.

సరిగ్గా అప్పుడే పరాయిదేశం నుంచి ఒక కబురొచ్చింది. అక్కడ ఒక ఊళ్ళో సరదాకి పరిగెత్తే జనం ఒక సంఘంగా కూడారు. వేగం పట్టి ఉంచడం ఎలాగో నేర్పే మనిషి కావాలన్నారు. ఉద్యోగం ఇవ్వలేరు, వస్తే మాత్రం నేర్చుకోవడానికి బోలెడుమంది ఉన్నారు. ఆ దేశం వాళ్ళు పాటగాళ్ళకీ, బొమ్మలు వేసేవాళ్ళకీ, ఆటగాళ్ళకీ, అంటే ఎవరి కిందా పనిచేయకుండా సొంత విద్య మీద బతికేవాళ్ళకి, వేరే ఒక తలుపు తెరిచిపెట్టారని వీసాల ఏజెంటు చెప్పాడు. తలుపైతే తెరిచే ఉంది గానీ, గడప మరీ ఎత్తు.

ఏజెంటు గదిలో కంప్యూటరు తెర మీద ఆ దేశపు వీసా అధికారిణి కనిపించింది. చాలా మర్యాదస్తురాలు. ఆమె మాటల్ని ఒక దుబాసీ తెలుగులో చెప్పాడు.

“మీరు ఇన్నేళ్ళుగా ఇన్ని పందేల్లో పరిగెత్తారు. ఒక్కటీ పూర్తి చేయలేదు. ఎందుకని?”

“పూర్తి చేయకపోవడమే నా పనండీ.”

దుబాసీ ఒకసారి ఆగి, మళ్ళీ అడిగి, ఆపైన చెప్పాడు. అధికారిణి ఫైలు ఇంకోసారి తిరగేసింది.

“నాకు అర్థమైంది. మా పైవాళ్ళకు అర్థం కాదు. ఈ సీజన్ అయ్యేలోపు ఒక్క పందెం చివరిదాకా పరిగెత్తండి, మూడు గంటల లోపు. అది చాలు.”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. ఆ సీజన్లో మిగిలింది ఆఖరి పందెం, అదీ సొంత ఊళ్ళోనే. అది తప్పితే ఫైలు మూసేస్తారని ఏజెంటు ఖరాఖండిగా చెప్పాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో అత్త శాసనం అమల్లోకి వచ్చింది. “పెదవి దాటితే పృథివి దాటుతుంది. వీసా చేతిలో పడేదాకా ఈ మాట గడప దాటడానికి వీల్లేదు. నరుడి కంటికి నాపరాళ్ళే పగులుతాయి, మనమెంత?” ఈ ముక్క ఆవిడ ముఖ్యంగా కొడుకును ఉద్దేశించి అంది. వ్యాను నడిపే ఆ మహానుభావుడి నోట్లో నువ్వుగింజ నానదు. అతనేమో అప్పటికే చలిదేశానికని లావుపాటి కోటొకటి కొనుక్కొచ్చి, అద్దం ముందు నిలబడి చెమటలు కక్కుతూ చూసుకుంటున్నాడు.

“ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాట్ట. విప్పరా అది!” అని అరిచింది తల్లి.

అయితే ముప్పై చెప్పాలనుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. సొంత ఊరి పందెపు దారిలో ముప్పయ్యో రాయి ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఆయనది. ఆమె మొదటిసారి ఆ రాయి దగ్గర పక్కకు తప్పుకుని, ఒగరుస్తూ కాలిబాట మీద కూలబడినప్పుడు, కొట్లోంచి ఇనపకుర్చీ ఒకటి తెచ్చి వేశాడు. మరుసటి ఏడు కుర్చీతో పాటు నీలం దుప్పటి కూడా తెచ్చాడు. ఆ పై ఏడు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు. ఆమె వంగలేదని ఎప్పుడు కనిపెట్టాడో, బూట్ల తాళ్ళు కూడా తనే విప్పడం మొదలెట్టాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ పైసా ఇవ్వలేదు. ఆమె ఆయన్ని బాబాయ్ అనేది.

పందేనికి ముందురోజు కొట్టు దగ్గరికి వెళ్ళింది. ఆయన సైకిలు ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తున్నాడు.

“రేపు వస్తున్నావుగా తల్లీ?”

“వస్తున్నా బాబాయ్.”

మాట నాలుక చివరిదాకా వచ్చింది. అత్త శాసనం గుర్తొచ్చి ఆగిపోయింది. అదొక్కటే అయితే ఆగేది కాదేమో. వెళ్ళిపోతున్నానని చెబితే ఆ ముఖం ఎలా అవుతుందో చూడాలంటే ఆమెకు భయమేసింది. ‘అయ్యాక చెబుదాం’ అనుకుని ఇంటికొచ్చేసింది.

మర్నాడు తెల్లవారుతూనే పందెం మొదలైంది. ఆమె ఛాతీ మీద మామూలు పరుగుగాళ్ళకిచ్చే అంకె ఉంది. వెనక ఎవరి ఊపిరీ వినిపించలేదు. అదే ఆమెకు వింతగా ఉంది. అయినా వేగం విషయంలో ఆమె కాళ్ళు గడియారాలే. మార్కెట్టు, బస్సుల డిపో, స్కూళ్ళ వీధి, అన్నీ అనుకున్న సమయానికే వెనక్కి పోయాయి. మూడు గంటలకు కొన్ని నిమిషాల ముందే చేరేలా లెక్క వేసుకుంది. ఎండెక్కింది. మోకాళ్ళు నస మొదలెట్టాయి. ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని వాటిని బుజ్జగిస్తూ, ఏమీ ఆలోచించకుండా పరిగెత్తింది. పరుగులో ఆలోచన మానేయడం ఆమెకు వచ్చిన పెద్ద విద్య. ఆ విద్యే కొంప ముంచింది.

ముప్పయ్యో రాయి కనపడింది. దాని పక్కన ఇనపకుర్చీ, కుర్చీ మీద నీలం దుప్పటి, పక్కనే నిలబడి బాబాయ్. ఆమె కుడిచెయ్యి ఎత్తి, వెనక లేనివాళ్ళకు దారిచ్చి, రోడ్డు దిగి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

ఇన్నేళ్ళ అలవాటు ఆమెను అడగలేదు. ప్రాణం హాయిగా ఉంది. భుజాల మీద దుప్పటి పడింది. చేతికి గ్లాసు వచ్చింది. కళ్ళు మూసుకుని సగం తాగింది. బాబాయ్ కింద కూర్చుని ఎడమకాలి బూటు విప్పి పక్కన పెట్టాడు. కుడికాలి తాడు పట్టుకుని రోడ్డు వైపు చూశాడు.

“అదేంటి తల్లీ, ఇవాళ నీ వెనక ఎవరూ లేరు?”

ఆమె కళ్ళు తెరిచింది. ఒక్క క్షణం ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక గ్లాసు చేతిలోంచి జారింది.

“ఇవాళ నేనే బాబాయ్.”

“నువ్వే ఏంటి?”

“నేనే పరిగెత్తాలి. చివరిదాకా. వేరే దేశం వెళ్ళడానికి. బూటు... బూటు ఇవ్వు!”

ఆయన ముఖం తెల్లబోయింది. “మరి చెప్పొద్దటమ్మా! నిన్న వచ్చావు కదే, ఒక్క ముక్క చెప్పొద్దూ!” అంటూ బూటు తొడిగి తాడు కట్టబోయాడు. చక్రాల ఊచలు మిల్లీమీటరు తేడా లేకుండా బిగించే ఆ వేళ్ళకు తాడు చిక్కలేదు. ఒకసారి జారింది, రెండోసారి జారింది. చివరికి పీటముడి పడింది. “ఫరవాలేదు, ఫరవాలేదు” అంటూ ఆమె లేచింది. కూర్చున్న కాళ్ళు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. కుంటుతూ రోడ్డెక్కింది.

ఆ తర్వాతి దారి ఆమె ఏనాడూ పరిగెత్తింది కాదు. పుట్టి పెరిగిన ఊరే, కూరగాయలకీ ఆసుపత్రికీ తిరిగిన వీధులే, అయినా ఆ కాళ్ళకు కొత్త. గిడ్డంగుల మధ్య నీడ లేని రోడ్డు. ఎక్కుతూనే ఉన్న వంతెన. ఆసుపత్రి పొడవాటి గోడ. తను పక్కకు తప్పుకున్నాక వాళ్ళు ఆడుతూ పాడుతూ వెళ్ళి పతకాలు తెచ్చుకుంటారని ఆమె ఇన్నాళ్ళూ అనుకునేది, లోలోపల కొంచెం ఏడ్చేది కూడా. అబద్ధం. ఇక్కడ ఎవరూ ఆడుతూ పాడుతూ వెళ్ళరు. ఈ బాధ వాళ్ళెవరూ ఆమెకు చెప్పలేదు, ఆమె అడిగిందీ లేదు. వంతెన మీద ఒకచోట తలప్రాణం తోకకొచ్చి, నడిచేద్దామనిపించింది. నడవలేదు.

చివరి మలుపు తిరగ్గానే ముగింపు గీత పైన పెద్ద గడియారం కనపడింది. మూడు గంటలు దాటి రెండు నిమిషాలు. ఇక పరిగెత్తినా ఒకటే, పరిగెత్తకపోయినా ఒకటే. ఆమెకు ఆ సంగతి స్పష్టంగా తెలుసు. తెలిసే, అదే వేగంతో గీత దాటింది.

భర్త మొదట గట్టిగా చప్పట్లు కొట్టాడు, తర్వాత గడియారం వైపు చూసి చేతులు దించేశాడు. వ్యాన్లోంచి తెచ్చిన తువ్వాలు ఆమె మెడ చుట్టూ కప్పి, “నీళ్ళు తాగుతావా?” అన్నాడు.

“ఎవరి కన్నో పడింది. పాడు కళ్ళు!” అంది అత్త.

“ఎవరి కన్నూ పడలేదు అత్తయ్యా. ముందే చెప్పుంటే బాబాయ్ కుర్చీ వేసేవాడే కాదు.”

అత్త తువ్వాలు కొసతో కోడలి ముఖం తుడిచింది.

జనం పలచబడే వేళకు సైకిలు మీద బాబాయ్ వచ్చాడు. వెనక క్యారేజీకి తాడుతో కట్టిన ఇనపకుర్చీ, దాని మీద మడతపెట్టిన దుప్పటి. ఆ వయసులో ఆ వంతెన ఎలా ఎక్కాడో ఆయనకే తెలియాలి. గడియారం కేసి గానీ ఎవరి ముఖం కేసి గానీ చూడలేదు. కుర్చీ దించి, గీత పక్కనే వేసి, దుమ్ము తుడిచాడు.

“కూర్చో తల్లీ. ఇప్పుడు కూర్చోవచ్చు.”

కూర్చుంది. ఆయన కింద కూర్చుని ఎడమకాలి బూటు అందుకున్నాడు. తర్వాత మెల్లగా, “ఏ దేశం?” అన్నాడు. ఆమె ఆ దేశం పేరు చెప్పింది. ఇంటి గడప దాటి ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి.

ఆయన నిజంగానే దిగులుపడుతూ అడిగాడు. “అక్కడ ముప్పయ్యో రాయి దగ్గర కుర్చీ వేసేవాళ్ళుంటారా?”

“ఉండరు బాబాయ్” అంది. “అందుకే అక్కడైతే ఆగకుండా గీత దాకా వచ్చేసేదాన్ని.”

అని నవ్వింది. పొద్దున్నుంచీ రాని ఏడుపు ఆ నవ్వు వెనకే వచ్చింది. ఆయన తలెత్తలేదు. తను వేసిన పీటముడినే గోళ్ళతో ఒక్కో పోగూ లాగుతూ విప్పసాగాడు. అది ఓ పట్టాన రావడం లేదు. ఇక తొందర కూడా ఏమీ లేదు.