గీటురాయి కన్నీరు

కింది రెప్పను చూపుడువేలితో లాగి పట్టుకుని, సన్నటి కాగితం కొసను కంటి మూల తగిలించి, ఆయన అద్దం ముందు కదలకుండా నిలబడ్డాడు. ఇదివరకు రెండు నిమిషాలకే కాగితం సగం దాకా తడిసేది. ఈ మధ్య ఐదు నిమిషాలైనా తడి ముందుకు పాకడానికి మొరాయిస్తోంది.

కంటి ఆసుపత్రి ల్యాబులో ఆయన అటెండరు. పంతొమ్మిదేళ్లుగా సీసాలు కడుగుతున్నాడు, పళ్లేలు ఉడకబెడుతున్నాడు, రోజూ పొద్దున్నే తన కన్నీరు ఇస్తున్నాడు. కన్నీటిలో క్రిములను కరిగించే లైసోజైమ్ అనే ఎంజైము ఉంటుంది. సూక్ష్మజీవులు పలచటి మబ్బులా పరుచుకున్న గాజుపళ్లెంలో తడి కాగితపు బిళ్ల పెట్టి, ఒక రోజు వెచ్చని పెట్టెలో ఉంచితే, ఎంజైము పాకినంత మేరా తేటగా ఒక వలయం ఏర్పడుతుంది. రోగుల వలయాలను అదే పళ్లెంలో ఉన్న ఈయన వలయంతో పోల్చి రిపోర్టు రాస్తారు; బాగా చిన్నదైతే కన్ను ఎండిపోతున్నట్టు. అందుకే అందరూ ఆయన్ని గీటురాయి అంటారు. ప్రమోషను ఎరగని మనిషికి ఆ పేరే ఒక హోదా. "ఏడిచినందుకు జీతమిచ్చే ఉద్యోగం లోకంలో మీదొక్కటే," అని భార్య కుట్టుమిషను మీదనుంచి తలెత్తకుండానే అంటుంది.

నిన్న వరండాలో ఒక పంతులమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె నల్లగుడ్డు మీద పుండు తెల్లగా కనిపిస్తోంది.

"కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది బాబూ. నెల కిందట మీ కాగితంలో నాకేం లేదని వచ్చింది, చుక్కలు ఆపేశారు. బడి ఎగ్గొట్టడానికి నాటకాలని మా ఇంట్లో ఒకటే దెప్పుడు."

ఇసుక. ఆ పొద్దున్నే కళ్లు నులుముకుంటూ ఆయన భార్యతో అన్న మాటే అది. ల్యాబుకు వెళ్లి, టెక్నీషియన్ అమ్మాయి కన్నీరు కూడా తీయించి తన బిళ్ల పక్కన పెట్టాడు.

ఇప్పుడా పళ్లెం బయటికి తీసి స్కేలు పెట్టాడు. అమ్మాయి వలయం ఇరవై మూడు మిల్లీమీటర్లు. తనది పద్నాలుగు.

"పళ్లెం పాడైంది బాబాయ్," అందా అమ్మాయి. "మళ్లీ పెడదాం."

అలా అనుకుని ఇప్పటికే నాలుగు పళ్లేలు పారేశారు. గీటురాయే అరిగిపోయిందని ఎవరికీ తోచలేదు.

"పళ్లెం బానే ఉందమ్మా. నీది అంత వచ్చిందిగా. నాదే పడిపోయింది. నాతో పోల్చినవాళ్లకి లేని ఆరోగ్యం రాసిచ్చాం."

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "రేపట్నుంచి నాది పెట్టేద్దాం. ఎవరికీ తెలీదు. డాక్టరు మేడంకి తెలిస్తే ఇద్దరి చర్మం వలిచేస్తారు."

ఆయన రిజిస్టరు తెరిచి వెనక్కి తిప్పుతూ పోయాడు. పదిహేడు, పంతొమ్మిది, ఇరవై. అన్నీ తను కొలిచినవే, తన చేతిరాతే. మూడు నెలల్లో ఆ వలయాలతో పోల్చి బాగుందని రాసినవాళ్లు నలభై ఒక్కమంది. రిజిస్టరు చంకలో పెట్టుకుని డాక్టరమ్మ గదికి నడిచాడు.

ఆవిడ అరవలేదు. "రోజూ కొలిచేది మీరే కదా?" అని మాత్రం అంది. తన కన్నీరు తప్పు చెప్పగలదని ఆయనకెన్నడూ అనిపించలేదు. రిజిస్టరు తెరిచి ఆవిడ ముందు పెట్టాడు.

"అందర్నీ పిలిపించండి. రేపట్నుంచి మీ కాగితం వద్దు. మీ కళ్లు కూడా చూపించుకోండి."

మధ్యాహ్నం దాకా ఫోన్లు చేశాడు. కొందరు తిట్టారు. ఒక ముసలాయన మాత్రం సంబరపడ్డాడు: "ఏడుపు రావట్లేదంటే మా కోడలు నాది రాతిగుండె అంది. ఇదిగో, ఫోను దానికిస్తాను, నువ్వే చెప్పు!"

చివరికి పంతులమ్మ మిగిలింది. నిన్ననే చేరిన ఆమె పైఅంతస్తు వార్డులో, కంటికి కట్టుతో పడుకుని ఉంది. చూపు నిలిచేదీ లేనిదీ పదిరోజులకు గాని తెలియదన్నారు. ఆయన మంచం దగ్గర నిలబడి జరిగిందంతా చెప్పాడు. తప్పు తనదేనని రెండుసార్లు అన్నాడు.

ఆమె కట్టులేని కన్ను ఆయన వైపు తిప్పింది.

"అయితే నాటకం కాదన్నమాట," అంది. "ఆ ముక్క రాసిస్తావా బాబూ? ఇంట్లో చూపిస్తాను."

నర్సును అడిగి తెల్లకాగితం తెచ్చుకున్నాడు. మోకాలి మీద పెట్టుకుని, అక్షరాలు మసకబారుతుంటే కళ్లు చికిలించి, నిదానంగా రాశాడు. అటెండర్లు రిపోర్టు మీద సంతకం చేయరు. ఆయన చేశాడు.

కిందికి వచ్చి తాళాలు అమ్మాయి చేతిలో పెట్టాడు. "రేపట్నుంచి రాను తల్లీ."

"సెలవా బాబాయ్?"

కాదన్నట్టు తలూపి ఆయన మెట్లు దిగిపోయాడు.

వార్డులో పంతులమ్మ నిద్రపోయింది. ఫ్యాను గాలికి ఎగరకుండా ఆమె నీళ్లగ్లాసు కింద పెట్టిన ఆ కాగితం, ఒక అంచు మాత్రం లేస్తూ, పడుతూ ఉంది.