పిడికెడు జొన్నలు

“ఇంకొక్క పిడికెడు తీసినవంటే చెయ్యి ఇరగ్గొడ్త. నా కొడుకును మింగింది సాలదా ఆ కుండ?”

పొద్దున్నుంచీ అత్త గోపమ్మది ఇదే మాట. బక్కమ్మ విసుర్రాయి ఆపలేదు.

“నేనొక్కదాన్నే తీస్తున్ననా అత్తా? ఊరంత తీస్తలేదా?”

“ఊరంత సచ్చిందా? మనోడే సచ్చిండు.”

జొన్నలు విసిరే ముందు ఇంటికో పిడికెడు తీసి కుండలో వేసి గుట్ట మీది దళానికి పంపాలని సంఘం తీర్మానించింది. ఆ మూట మోసేది ఆమె పెనిమిటి సాయిలు. నెల కింద గుట్ట మలుపులో మిలటరీ అతణ్ణి కాల్చేసింది. శవం ఇంటికి వచ్చినప్పుడు కుడి పిడికిలి మూసే ఉంది. గోపమ్మ వేణ్ణీళ్లు పోసి ఒక్కో వేలూ విప్పింది. లోపల జొన్నలు. వాటిని కొంగున ముడేసుకుంది. ఆ ముడి ఇప్పటిదాకా విప్పలేదు.

అప్పట్నుంచీ బక్కమ్మ కుండలో ఒక్క పిడికెడే వేస్తుంది. తెల్లారేసరికి రెండుంటాయి. కోడికూత వేళ గింజలు రాలే చప్పుడు వింటూ పడుకునే ఉంటుంది. లేచి చూస్తే సాయిలు ఇక రాడేమోనని భయం.

మధ్యాహ్నం మిలటరీ ఊరి ఆడవాళ్లందర్నీ దొర గడీ ముందు వరసగా నిలబెట్టింది. సంఘం తరిమితే పట్నం పారిపోయిన దొర, కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని వాళ్ల జీపులోనే తిరిగొచ్చాడు.

“ఇప్పుడు మూట మోసేదెవలో చెప్పుండ్రి. ఇండ్లకు పోతరు,” అన్నాడు.

గోపమ్మ కొంగుముడి విప్పి ఆ జొన్నలను కుడి పిడికిట్లో బిగించింది. దొర కంట పడింది.

“ఏమున్నదే ముసల్దానా అండ్ల?”

“నా కొడుకు.”

సిపాయి తుపాకి మడమతో మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వరసంతా విన్నది. వేళ్ల సందులోంచి నల్లబడిన గింజ ఒకటి జారింది. పిడికిలి మాత్రం విడలేదు.

పక్కనున్న బాలనర్సమ్మ పిడికిలి బిగించింది. తర్వాత యాదలక్ష్మి. తర్వాత బక్కమ్మ. వరస చివరిదాకా నలభై పిడికిళ్లు, అన్నీ మూసే ఉన్నాయి.

“రేపొస్తం. చెప్పకుంటే ఇండ్లు కాలుస్తం,” అని దొర జీపెక్కాడు.

పొద్దుగూకింది. మామ బాలయ్య గోపమ్మ చేతికి బద్దలు పెట్టి కట్టు కడుతున్నాడు. మరిది గుర్వయ్య దీపం పట్టుకున్నాడు.

“ఇగనన్న ఆ కుండ పారెయ్యుండ్రి,” అన్నాడు బాలయ్య.

గోపమ్మ కోడలివైపు చూసింది.

“తెల్లారంగ కుండల వాని పిడికెడు ఏసేది నేనే బిడ్డా,” అంది. తర్వాత అందరికీ వినబడేట్టు చెప్పింది.

“ఎడమ చెయ్యి బాగనే ఉంది. రేపటి నుంచి మూట నేను మోస్త.”