పదహారో చుట్టు

ఒలింపిక్ సంవత్సరంలో నాలుగు గోడల మధ్య జరిగే ఇండోర్ పరుగులకు పేరున్న పెద్దవాళ్లు రారు. కాళ్లు దాచుకుంటారు. ఆగస్టులో పారిస్ పెట్టుకుని ఫిబ్రవరిలో కప్పు కింద ఉరికి పిక్క పట్టేయించుకోవడం ఎందుకని వాళ్ల ఆలోచన. వచ్చేవాళ్లు రెండు రకాలు. ఇంకా చోటు దొరకనివాళ్లు, దొరికి పోగొట్టుకున్నవాళ్లు. నేను చూసేది వాళ్ల కోసమే. దాచుకునేవాళ్లతో నాకు పని లేదు.

ఈ పిచ్చి నాకు అంటించింది నా భార్య లక్ష్మీనర్సమ్మ. ఆత్మకూర్ (ఎస్) బడిలో ఏడో తరగతి చదివేటప్పుడు పరుగు పందెంలో స్టీలు గ్లాసు గెలిచింది. కాపురానికి వస్తూ ఆ గ్లాసు తెచ్చుకుంది. అందులో నన్ను కూడా నీళ్లు తాగనిచ్చేది కాదు. టీవీలో ఎక్కడ పరుగు కనిపించినా పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి కూర్చునేది. అన్నిట్లోకీ చలికాలం పోటీలంటే ఎక్కువ ఇష్టం. రెండు వందల మీటర్ల చిన్న చుట్టు. గంప అంచులా పైకి లేచిన మలుపులు. అరవై మీటర్ల పందెంలో గీత దాటినవాళ్లు ఆగలేక, గోడకు ఆనించిన పరుపుల మీద పోయి పడతారు. అది చూసినప్పుడల్లా నవ్వేది.

నాలుగేళ్ల కింద దవాఖానలో పోయింది. డాక్టరు రేపు చూద్దామన్నాడు. ఆ రేపు ఆమెకు రాలేదు. ఆ డాక్టరును నేను మరిచిపోలేదు, మరిచిపోను.

కోదాడలో సుధాకర్ అనే రిటైరైన పీఈటీ సారు ఉన్నాడు. పొలాలున్న ఇల్లు. ఫోన్లో ‘ట్రాక్ మిత్రులు’ అని గ్రూపు పెట్టాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కలిపి పదకొండు మందిమి. ఎవరు గెలుస్తారో సారు ముందే రాస్తాడు. ఆయన చెప్పింది తప్పినప్పుడు నేను ఫలితం పెడతాను. ఇంకో మాట రాయను. ఈ జనవరిలో ఆరుసార్లు పెట్టాను.

ఆయనతో నాకు పాత లెక్క ఉంది. ఏడేళ్ల కింద సూర్యాపేటలో జిల్లా సెలక్షన్లు జరిగాయి. నా బావమరిది మల్లేష్ బిడ్డ ప్రవళికను మా ఆవిడే చేయి పట్టుకుని తీసుకెళ్లింది. ముగ్గురిని తీసుకోవాలి. పిల్ల మూడోది వచ్చింది. సారు మూడోదాన్ని వదిలి నాలుగోదాన్ని తీసుకున్నాడు. ఎందుకని మా ఆవిడ అడిగితే, గొర్రెల వెంట తిరిగే పిల్లకి ట్రాక్ పద్ధతి తెలీదమ్మా అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆమె పిల్ల చేయి పట్టుకుని ఇంటికొచ్చింది. మర్నాటి నుంచి పిల్లను కాలువ కట్ట మీద ఉరికించింది.

ఆ పిల్ల హైదరాబాద్ కోచ్ సంగీత మేడమ్ కంట్లో పడింది. దేశం జట్టును తయారుచేసే పెద్ద క్యాంపు దాకా పోయింది. కిందటి అక్టోబరులో పిక్క దెబ్బతింటే క్యాంపు వాళ్లు ఇంటికి పంపారు. సంగీత మేడమ్ ఒక్కతే వదల్లేదు. ఫిబ్రవరిలో జర్మనీలో ఒక చిన్న ఊళ్లో జరిగే ఇండోర్ మీట్‌కు పేరు రాయించింది. మూడు వేల మీటర్లు. పదిహేను చుట్లు. తొమ్మిది నిమిషాల లోపు వస్తే మళ్లీ క్యాంపు, ఒలింపిక్స్ దారి తెరిచే ఉంటుంది. రాకపోతే అంతే. పరుగు సంగతి ఇంట్లో మళ్లీ ఎత్తొద్దని మల్లేష్ కూడా చెప్పేశాడు.

నేను మిర్యాలగూడలో మూతబడ్డ రైసు మిల్లుకు వాచ్‌మన్‌ను. వాటాదారులు కోర్టు చుట్టూ తిరుగుతున్నారు, గోదాం ఖాళీగా ఉంది. ప్రవళికను అక్కడికే రమ్మన్నాను. గోడకు రెండడుగులు వదిలి టేపుతో కొలిస్తే చుట్టు రెండు వందల మీటర్లు వచ్చింది. నమ్మలేక మళ్లీ కొలిచాను. నాలుగు మూలల్లో ఊక బస్తాలు వాలుగా పేర్చి, పైన పాత చెక్కలు పరిచి మలుపులు లేపాను. జర్మనీ వాళ్లు ఏం పరిచారో నాకు తెలియదు. మా చెక్కలు మాత్రం కదల్లేదు.

చుట్లు లెక్కపెట్టడం నా పని. పిల్ల చేతికి వాచీ వద్దన్నాను. దాన్ని చూస్తే కాలు ఆగుతుంది. నాకు తెలిసిన లెక్క ఒక్కటే, గొర్రెల లెక్క. పొద్దున దొడ్డి తడక తీస్తే అవి ఒక్కొక్కటే బయటికొస్తాయి. గొర్రెకొక చింతగింజ, ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి. అన్నిటికన్నా ముందు వచ్చేది బీరప్ప పేరున విడిచిన పొట్టేలు. అది దేవునిది. మా నాయన దాన్ని మందలో కలిపి లెక్కపెట్టనిచ్చేవాడు కాదు. నలభై ఏళ్లు ఆ తడక దగ్గర నిలబడ్డాను. గోదాంలో కూడా పదిహేను గింజలు పట్టుకుని గీత దగ్గర నిలబడ్డాను. ఎడమ చేయి ఖాళీ కాగానే ఫోన్లో గడియారం ఆపేవాణ్ణి.

మొదటి రోజు పది నిమిషాల రెండు సెకన్లు. రెండు వారాలకు తొమ్మిది నలభై ఒకటి. మూడు వారాలకు తొమ్మిది ముప్పై ఎనిమిది. అక్కడ ఆగిపోయింది. ఎంత ఉరికినా కిందికి రాలేదు.

దాచుకునేవాళ్లను తిట్టే నేను దాచుకోకూడదని ఆ టైము గ్రూపులో పెట్టాను. ఈ టైము జిల్లాలో కూడా పనికిరాదు, పిల్లని ఊరికే ఇబ్బంది పెట్టకండి అని సారు రాశాడు. పక్కన దండం బొమ్మ ఒకటి. ప్రవళిక నా ఫోన్లోనే అది చదివింది. ధాన్యం బస్తాలు తూచే కాంటా మీద కూర్చుని బూట్ల లేసులు విప్పింది.

“మామ, నేను పోను,” అంది. “ఆ సారు చెప్పిండని గాదు. నువ్వు రాసిన లెక్కనే చెప్తున్నది గదా.”

గోదాంలో గాలి ఆడదన్నాను. బూట్లు అరిగాయన్నాను. ఆమె తల ఎత్తలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది.

“ఓడితే ఆడికి పోయి ఓడు. గీడ కూసొని ఓడకు.”

ఆమె లేసులు మళ్లీ కట్టుకుంది. ఆ రోజు ఇంకోసారి ఉరికింది. తొమ్మిది ముప్పై ఎనిమిదే.

పందెం ఆదివారం, మన టైము ప్రకారం సాయంత్రం ఐదున్నరకు. ఆ మీట్ మామూలు టీవీలో రాదు. వచ్చే చానల్ మా పదకొండు మందిలో ఒక్క సుధాకర్ సారు దగ్గరే ఉంది. చూడాలంటే ఆయన గడప తొక్కాలి. మూడు రోజులు ఆలోచించాను. ఆదివారం మధ్యాహ్నం హుజూర్‌నగర్ మీదుగా కోదాడ బస్సెక్కాను. జేబులో పదిహేను చింతగింజలు వేసుకున్నాను.

తలుపు తీసింది సారు భార్య అహల్య. అన్నయ్యా అని పిలిచి కుర్చీ వేసింది. లోపల సూర్యాపేట డిపో కండక్టరు మోతీలాల్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. అతనూ మా గ్రూపు వాడే. సారు నన్ను చూసి వస్తావనుకోలేదన్నాడు. నేనూ అనుకోలేదన్నాను. ఎంతలో ముగిస్తుందని మోతీలాల్ అడిగితే, తొమ్మిది ఇరవై అన్నాడు సారు.

“అయితే కాటన్న మళ్ల ఫలితం పెట్టాల్సొస్తది,” అన్నాడు మోతీలాల్ నా వైపు చూసి.

సారు నవ్వాడు. నేను నవ్వలేదు. గింజలు ఎడమ చేతిలోకి తీసుకున్నాను.

గీత మీద పదకొండు మంది. ప్రవళిక అందరికన్నా పొట్టిది. తుపాకీ పేలింది. మొదటిసారి గీత దాటేటప్పటికి తొమ్మిదోది. రెండోసారి కూడా తొమ్మిదోదే. నా చూపు టీవీ మీదే ఉంది, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మలుపు దగ్గర అందరూ లోపలికి తోసుకుంటున్నారు. ఈ పిల్ల మలుపులో పైకెక్కి, దిగేటప్పుడు ఆ వాలు వేగంతో ఒకరిని దాటింది. ఇంకో మలుపులో ఇంకొకరిని. అది మా ఊక బస్తాల మీద నేర్చిన పని. నేను పైకి అనలేదు. సారే అన్నాడు, మలుపులు బాగా తీసుకుంటోందని.

సగం అయ్యేటప్పటికి ఆరోది. నా కుడి చేతిలో గింజలు పెరుగుతున్నాయి. పదో గింజ దగ్గర నాలుగోది. ముందు ఇథియోపియా అమ్మాయిలు ఇద్దరు, వాళ్ల వెనక జర్మనీ అమ్మాయి, ఆమె వెనక మా పిల్ల. భుజాలు బిగుసుకోలేదు. తల ఊగలేదు. సారు కుర్చీలో ముందుకు జరిగాడు.

గంట కొట్టారు.

ఆఖరి చుట్టుకు కొట్టే గంట. నా ఎడమ చేతిలో ఇంకా రెండు గింజలు ఉన్నాయి. నేను లేచి నిలబడ్డాను. వీళ్లు ఒక చుట్టు ముందే కొట్టారన్నాను. ఇది మోసమన్నాను. మోతీలాల్ తెర మీద వేలు పెట్టి చూపించాడు. మిగిలిన చుట్లు ఒకటి అని ఉంది.

“ఒక్కటే ఉంది కాటయ్యా. లెక్క తప్పింది నీకే,” అన్నాడు సారు. గడియారం ఎనిమిది ఇరవై ఆరు చూపిస్తోంది. “ముప్పై మూడు సెకన్లలో తిరగాలి. ఇప్పటిదాకా ఒక్క చుట్టూ ముప్పై ఆరుకి తక్కువ రాలేదు. రాదులే.”

వచ్చింది.

గంట వినగానే ప్రవళిక కదిలిన తీరు నేను ఎప్పుడూ చూడలేదు. అలిసిన మనిషి ఆఖరి బలం తీసే పరుగు కాదు అది. ఇంకా ఎంతో దూరం ఉరకాల్సినవాళ్లు దూరాన్ని లెక్కచేయకుండా ఉరికినట్టు ఉంది. జర్మనీ అమ్మాయిని మొదటి మలుపులోనే దాటింది. రెండో ఇథియోపియా అమ్మాయిని ఆఖరి మలుపు పైనుంచి దిగుతూ దాటింది. మొదటి అమ్మాయికి జానెడు వెనక గీత తాకింది. మోతీలాల్ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. అహల్యమ్మ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

ఎనిమిది నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు.

మిగతావాళ్లంతా గీత దాటి నేల మీద పడ్డారు. ప్రవళిక పడలేదు. ఆగలేదు కూడా. అదే వేగంతో మలుపులోకి పోయింది. అవతలి పక్కకు వెళ్లేదాకా ఉరుకుతూనే ఉంది. జెండా పట్టుకున్న మనిషి ఒకాయన అడ్డం వచ్చి చేతులు ఊపితే అప్పుడు నిలబడి, చుట్టూ చూసి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. అక్కడి జనం నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. పరుగు ముగిసింది. ఎడమ చేతిలో ఒక గింజ మిగిలింది.

అప్పుడు తెలిసింది. ఆమె మొదటిసారి గీత దాటినప్పుడు నా చేయి కదలదు. మొదట వచ్చేది బీరప్పది. నెల రోజులు ఆ పిల్లతో పదిహేను అని చెప్పి పదహారు చుట్లు తిప్పించాను. పదహారు చుట్ల టైము రాసి పదిహేను అని చూపించాను. ఆమె కాంటా మీద కూర్చుని లేసులు విప్పింది నా చేతి తప్పు చూసి.

సారుకు చెప్పాను. దాచలేదు. ఆయన కాగితం తీసుకుని లెక్క వేశాడు. తొమ్మిది ముప్పై ఎనిమిదిని పదహారుతో భాగించి పదిహేనుతో గుణించాడు. తొమ్మిది నిమిషాల రెండు సెకన్లు వచ్చింది. గోదాం నేల మీద, అరిగిన బూట్లతో. ఆయన కాగితం మడిచాడు.

“ఆ రోజు సూర్యాపేటలో తప్పు నాదే కాటయ్యా,” అన్నాడు.

“అవును సారూ,” అన్నాను.

ఇంకేమైనా అంటానని చూశాడు. ఆ మాట చెప్పించుకోవాల్సిన మనిషి నాలుగేళ్ల కిందే పోయింది. ఆమె తరఫున మాఫ్ చేసే హక్కు నాకు లేదు. ఉన్నా చేయను.

అరగంటకు ప్రవళిక ఫోన్ చేసింది. వెనకాల సంగీత మేడమ్ ఎవరితోనో పెద్దగా ఇంగ్లీషులో మాట్లాడుతోంది. క్యాంపు వాళ్లు అప్పుడే ఫోన్ చేశారట. పదిహేను రోజుల్లో రమ్మన్నారట.

“మామ, కాళ్లు ఆగలే,” అంది. “నాకింకొక చుట్టు మిగిలినట్టే అనిపిచ్చింది.”

పొట్టేలు సంగతి చెప్పాను. నెల రోజుల సంగతి చెప్పాను. తిడుతుందని ఎదురుచూశాను. నాకెవరైనా అలా చేసి ఉంటే చచ్చేదాకా వాళ్ల గడప తొక్కేవాణ్ణి కాదు.

“జిల్లాలో గూడ పనికిరానని ఏడ్సిన గదా మామ,” అంది.

“ఏడ్సినవ్.”

“గా చుట్టు నీకు మాఫ్ జెయ్య,” అని నవ్వింది. ఆ నవ్వు పరుపుల మీద పడేవాళ్లను చూసి మా ఆవిడ నవ్వే నవ్వు. మేనత్త పోలిక. “గని లెక్క మార్చకు. క్యాంపుకు పోయేదాక గట్లనే లెక్కపెట్టు.”

ఫోన్ పెట్టేశాక గ్రూపులో ఫలితం పెట్టాను. ప్రవళిక, ఆత్మకూర్ (ఎస్), ఎనిమిది యాభై ఎనిమిది. ఇంకో మాట రాయలేదు. పక్క కుర్చీలో సారు ఫోన్ మోగింది. ఆయన తీసి చూసుకున్నాడు.

ఇప్పుడు ఆ పిల్ల తిరిగొచ్చి గోదాంలో ఉరుకుతోంది. గింజలు మా ఆవిడ స్టీలు గ్లాసులో పోసి గీత పక్కన పెట్టాను. సారు చూడటానికి వస్తానని రెండుసార్లు ఫోన్ చేశాడు. గేటు తీస్తాను, లోపల కుర్చీ లేదని చెప్పాను. నిన్న వచ్చాడు. పరుగు అయ్యేదాకా నిలబడే చూశాడు.

ప్రవళిక మొదటిసారి గీత దాటింది. నేను గింజ తీయలేదు.