కెప్టెన్ మెడ తిప్పినప్పుడు

ఎడమ కన్ను రెప్ప వేసింది గానీ కుడి కన్ను ఇంకా ఆలోచిస్తున్నట్టుంది, ఆలోచించనీ, తొందరేముంది, మరదలు ఫ్లోరా చర్చి నుంచి బస్సెక్కి గోపాలపట్నంలో దిగేసరికి ఎండ నడినెత్తికొస్తుంది, అనుకుంటూ యోహాన్, కెప్టెన్ బొమ్మ తల వెనక మూత తీసి లోపలి సైకిలు బ్రేకు తీగని ఒక పిసరు బిగించాడు, తల అంటే అతని భార్య ప్రేమలీల బతికుండగా ఇడ్లీ పిండి పులియబెట్టుకున్న ప్లాస్టిక్ డబ్బా, దాని మీద గంజిలో నానబెట్టిన పేపర్లు పొరలు పొరలుగా అంటించి ముఖం చేశాడు, ముసురు రోజుల్లో అది ఆరకపోతే ఎండ రాగానే పక్కింటి మధులత తనే వచ్చి పట్టుకెళ్ళి వాళ్ళ డాబా మీద ఊరమిరపకాయల పక్కన పెట్టింది, ఎవరి తల ఇది, మీకెందుకు అని ఒక్క మాట అడగలేదు, ఆరాక కాస్త మిరపకాయల వాసనతో తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది, అడగకుండా ఉండటం ఎంత మేలు చెయ్యడమో ఆ అమ్మాయికి తెలీదు, అడిగి ఉంటే ఏం చెప్పేవాడు, మా ఆవిడ నవ్వు మర్చిపోయానమ్మా, అందుకని రోబో చేస్తున్నాను అని చెప్పేవాడా.

మర్చిపోయాడంటే పూర్తిగా కాదు, ముందు గాలి పీల్చేది, తర్వాత చప్పుడు లేకుండా భుజాలు కదిలేవి, ఇక ఆపుకోలేక గొంతులోంచి మెట్లు దిగుతున్నట్టు వచ్చేది, ఇదంతా మాటల్లో గుర్తుంది, చెవిలో లేదు, ఒకనాడు పొద్దున్నే టీ వడపోస్తూ ఆ చప్పుడు తలుచుకుందామని చూస్తే లోపల ఏమీ మోగలేదు, టీ చల్లారిపోయింది, ఫోన్లో వీడియోలన్నీ వెతికాడు, అన్నిట్లోనూ తనే ఉన్నాడు, ఫోన్ ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉండేది మరి, ఏవండీ ఇటు చూడండి అన్న గొంతు ఉంది గానీ నవ్వు లేదు, ఆ నవ్వు ఎక్కడ ఎక్కువగా విన్నాడో అతనికి బాగా తెలుసు, కొండవాలులో సముద్రం కనబడేలా ఉండేదే ఆ పార్కు, ఇప్పుడు పడగొట్టి ఫ్లాట్లు కట్టేశారు, అక్కడ పడవల ఆట గేటు దగ్గర నీలం కోటు, తెల్ల గడ్డంతో నిలబడి ఉండేవాడు రోబో కెప్టెన్, మెడ ఎడమకి తిప్పి, ఏదో మర్చిపోయినట్టు కాసేపు ఆగి, రెప్పవేసి, టోపీ ఎత్తేవాడు, టోపీ కింద పసుపుపచ్చ పక్షిపిల్ల నోరు తెరిచి కీచుమనేది, పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం ఇద్దరూ చూశారు, ఆ తర్వాత ఎప్పుడెళ్ళినా ఏ ఆటా ఎక్కకుండా ఎదురు బెంచీ మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ అదే చూసేవారు, యంత్రం ఎలా కదులుతుందా అని యోహాన్, అతని పక్కన భుజాలు కదుపుతూ ప్రేమలీల.

స్టీల్ ప్లాంటులో బతుకంతా మీటర్ల ముళ్ళు సరిచేసిన చేతులు కదా, ఆ మెడ ఎంత తిరిగేదో ఎంతసేపు ఆగేదో చేతులకి ఇప్పటికీ తెలుసు, సామాను కోసమే ఆటోనగర్ చుట్టూ తిరగాల్సి వచ్చింది, పాత కార్ల విడిభాగాలమ్మే నూకాలు, ఏటి బావ, మళ్ళీ వైపర్ మోటారేనా, నీకు కారే లేదు కదా, ఇంట్లో గాని వర్షం పడతందేటి అన్నాడు, బొమ్మ మెడ తిప్పడానికి అంటే, మెడా, మా ఆడది నా మెడ తిప్పడానికి ఏ మోటారూ అడగలేదు బావ అని పకపకా నవ్వి, కుప్పలోంచి తక్కువ చప్పుడు చేసేది ఏరి మరీ ఇచ్చాడు, నూకాలు నవ్వు రెండు రోజులు చెవుల్లో ఉంది, అక్కర్లేనివి ఎంత సులువుగా ఉండిపోతాయో, కావలసిన నవ్వు ఈ భూమ్మీద ఇంకొక్క గొంతులోనే ఉంది, ప్రేమలీల చెల్లెలు ఫ్లోరా గొంతులో, గోడవతల నుంచి వింటే కన్నతల్లే పోల్చుకోలేకపోయేది, కానీ ఫ్లోరా అక్కని సమాధి చేసిన రోజు నుంచి ఈ ఇంట్లో నవ్వలేదు, ఆదివారం వస్తుంది, కూర గిన్నె పెడుతుంది, గోడ మీది ఫొటో తుడుస్తుంది, వెళ్తాను బావా అంటుంది, కెప్టెన్ టోపీ ఎత్తితే నవ్వుతుందా, నవ్వించి ఆ నవ్వు తీసుకుందామనుకోవడం దొంగతనమేమో, పొద్దున్న ప్రార్థనలో కూడా, ప్రభువా క్షమించు, ఆ మోటారు ఇరుక్కోకుండా చూడు అనేశాడు, ఈ రెండింట్లో ముందు ఏది వింటాడో మరి.

గేటు కిర్రుమంది, బావా, సేపల పులుసు తెచ్చీసాను, రాత్రి ఏటి తిన్నావ్, మళ్ళీ పెరుగన్నమేనా, అంటూ వచ్చిన ఫ్లోరా హాలు మధ్యలో ఆగిపోయింది, ఇదేటి, ఇది ఆ పార్కులో కెప్టెన్ కదా, నువ్వు సేసావా, అంది, ఒకసారి కూర్చోమ్మా అని స్విచ్ వేశాడు, మోటారు గురగురలాడింది, కెప్టెన్ మెడ ఎడమకి తిప్పాడు, ఆగాడు, రెండు కళ్ళూ కలిపి రెప్పవేశాడు, టోపీ లేచింది, పక్షి కీచుమంది, అన్నీ సరిగ్గా అయ్యాయి, ఫ్లోరా గిన్నె ఒళ్ళో పెట్టుకుని అలాగే చూస్తోంది, బాగుంది బావా, అక్కుంటే ఎంత సంబరపడీదో, అని కళ్ళు తుడుచుకుంది, అంతే, అయిపోయింది, నవ్వించబోయి ఏడిపించావు కదరా ముసలాడా, ఆగడం తక్కువైందా, అక్కడ ఇంకొంచెం ఎక్కువసేపు ఆగేవాడేమో, ఇంకొక్కసారి చూడమ్మా ఫ్లోరా, ఈసారి సరిగ్గా వస్తుంది, అని మళ్ళీ స్విచ్ వేసి, కెప్టెన్ మెడ మీదే చూపు నిలిపి, ఇప్పుడు తిరగాలి, ఇప్పుడు ఆగాలి, ఇంకా, ఇంకా, అనుకుంటూ ఉంటే,

పక్కన ఎవరో గాలి పీల్చారు, తర్వాత ఏ చప్పుడూ లేదు, తర్వాత ఆ మెట్లు, ఒక్కొక్కటే, గొంతులోంచి, అదే, అచ్చం అదే, తల తిప్పితే పోతుందేమోనని యోహాన్ తిప్పలేదు, పోలేదు, ఇంకా దిగుతూనే ఉంది, మెల్లగా తిరిగి చూశాడు, ఫ్లోరా కెప్టెన్ వైపు చూడటం లేదు, ఓలమ్మో బావా, అక్క సెప్పీది, నాను నమ్మలేదు, ఆ బొమ్మ మెడ తిప్పితే నువ్వూ తిప్పుతావంట, అది ఆగితే నువ్వూ ఊపిరి బిగబట్టీసి ఆగుతావంట, అది టోపీ ఎత్తితే నీ సెయ్యి కూడా నెత్తి మీదకెళ్తాదంట, టోపీ లేకపోయినా, నిన్నలా సూడ్డానికే పార్కుకి ఎల్దామని నీ ఎంటపడీదంట, మీ బావకి సెప్పకే ఫ్లోరా, తెలిస్తే సిగ్గుపడి మానీగలడు అనీది, అంటూ మళ్ళీ మొదలుపెట్టింది, పులుసు గిన్నె ఒళ్ళో ఒలికిపోతుందేమో అన్నంతగా, యోహాన్ చూసుకున్నాడు, తన చెయ్యి నిజంగానే నెత్తి దగ్గరే ఉంది, దించాలనిపించలేదు, ఆ బెంచీ మీద ఇన్నేళ్ళూ ఇద్దరం ఒకే వైపు చూస్తున్నాం అనుకున్నాడు, కాదు, తను కెప్టెన్ని చూస్తున్నంతసేపూ ప్రేమలీల తననే చూసింది.