పులిగడ్డకు తలకట్టు

పాండురంగారావు పేరులోనే రంగు ఉంది. ఆ ఉదయం ముఖంలో మాత్రం లేదు. బందరు నుంచి గుడివాడ వెళ్ళే బస్సులో వెనక సీటు వాళ్ళ మాటలు చెవిన పడ్డాయి.

"గుడివాడలో పాత పరువులు బాగుచేస్తారంటండీ. బోర్డు కూడా కట్టారు."

"అయితే మా బావని తీసుకెళ్ళాలి. ఆయనకి కొత్తది ఎలాగూ దొరకదు."

ఆ బోర్డు రాసింది పాండురంగారావే. శోభనాద్రి దూది కొట్టుకి "ఇచ్చట పాత పరుపులు బాగుచేయబడును" అని రాశాడు. కొట్టు ఇరుకు, బోర్డు ఇంకా ఇరుకు. అందుకని తను కొత్తగా కనిపెట్టిన సన్నగుండ్రం అక్షరాలు వాడాడు. ఒళ్ళు సన్నం, కొసలు గుండ్రం, తలమీద తలకట్టు లేదు. చోటు కలిసొస్తుందని తలకట్లు తీసేస్తే, ఇప్పుడు తన తలకే చుట్టుకుంది. బస్సుల యజమాని నరసింహారావుగారు ఆ బోర్డు చూడటానికి ఈ ఉదయమే వస్తున్నారు. నచ్చితే ఆయన బస్సులన్నిటికీ ఊరిపేర్లు తనే రాస్తాడు. నచ్చకపోతే మళ్ళీ "ఇచ్చట మూత్రము పోయరాదు" అని గోడగోడకీ రాసుకుంటూ బతకాలి.

బస్సు దిగి పరుగెత్తాడు. మొదటి రెండు 'ప'లూ శుభ్రంగా నోరు తెరుచుకునే ఉన్నాయి. మూడోదాన్ని చోటు చాలక నొక్కి రాశాడు. రంగు కారి దాని నోరు మూసుకుపోయింది. నోరు మూసిన 'ప' కాస్తా 'వ' అయి కూర్చుంది.

"మొన్నట్నుంచీ జనం వచ్చి సంసారాల గొడవలు చెబుతున్నారయ్యా," అన్నాడు శోభనాద్రి. "నేను దూదిని ఏకుతాను గానీ మనుషుల్ని ఏకుతానా?"

"ముందు నిచ్చెన ఇప్పించు మావయ్యా."

నిచ్చెనెక్కి, మూసుకున్న నోటిని గోటితో గీకుతున్నాడు. కింద నుంచి నరసింహారావుగారి గొంతు వినిపించింది.

"పరువు బాగుచేసేది ఇక్కడేనా?"

"పరుపండీ."

"నా బస్సు పులిగడ్డ వెళ్తుంది. నీ చేతిలో ఆ పులి కూడా నోరు మూసుకుంటే వులిగడ్డ అవుతుంది. దివిసీమవాళ్ళు బస్సెక్కరు, ఉల్లి బస్తాలు దించమంటారు."

పాండురంగారావు కుంచె ముంచి, గీకిన 'పు' కుడి అంచుమీద చిన్న తలకట్టు పెట్టాడు. దాంతో కొమ్మూ నోరూ విడివిడిగా తేలాయి.

"బోడి అక్షరాలే అందం అన్నావుగా?" అన్నారు నరసింహారావుగారు.

"మిగతావాటికి అందమేనండీ. దీనికి పడలేదు."

ఇంతలో చిరిగిన పరుపుతో రిక్షా దిగిన రాఘవమ్మగారు తలెత్తి బోర్డు చదివింది.

"పరుపులేనన్నమాట. మొన్న వచ్చి చదివి, మా ఇంటి సంగతి వీళ్ళకెవరు చెప్పారా అని వెనక్కి వెళ్ళిపోయానండీ."

నరసింహారావుగారి మీసం కదిలింది. "రేపు షెడ్డుకి రా. పులిగడ్డ బస్సుతో మొదలుపెట్టు."

తిరుగు బస్సులో కూడా పాండురంగారావుకి కుదురు లేదు. ఆ బస్సులు తిరిగే ఊళ్ళు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. పామర్రు. పెడన. కూచిపూడి. ఇన్ని 'ప'లూ ఈ ఒక్క జిల్లాలోనే పుట్టాలా అనుకుంటూ గాలిలో వేలితో తలకట్లు పెడుతూనే ఉన్నాడు. ఈగల్ని తోలుతున్నాడనుకుని పక్కసీటాయన కాస్త జరిగి కూర్చున్నాడు.